మేనకోడలికి ఉత్తరం: ఇంగ్లీషులో రేపటి మాట ఎలా చెప్పించాలి

బ్రాడీపేట,
గుంటూరు.

చి॥ అమ్మాయికి,

అత్తయ్య ఆశీస్సులు. నిన్న ఫోన్‌లో నువ్వు అడిగినదానికి సగమే చెప్పగలిగాను, ఇంతలో గ్యాస్ బండ వచ్చింది. రాత్రి పడుకున్నాక కూడా అదే ఆలోచన. సోమవారం నుంచి తొమ్మిదో తరగతికి ఫ్యూచర్ టెన్స్ మొదలుపెట్టాలి, నాలుగు గళ్ల పట్టిక బోర్డు మీద వేస్తే సరిపోతుందా అన్నావు. సరిపోదమ్మా. మొదటి ఆరేడేళ్లు నేనూ ఆ పట్టికే వేశాను. పిల్లలు పరీక్షలో మార్కులు తెచ్చుకున్నారు, నోరు విప్పితే మాత్రం తప్పులే. అందుకే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను.

ముందు నీకు ఒక సంగతి స్పష్టంగా ఉండాలి. ఇంగ్లీషు క్రియకు భవిష్యత్తు కోసం విడిగా రూపం లేదు. 'గో' ఉంది, 'వెంట్' ఉంది, రేపటికంటూ అలాంటిది ఇంకొకటి లేదు. 'విల్' కూడా 'కెన్', 'మస్ట్' ఉన్న వరసలోదే. పాత ఇంగ్లీషులో దాని అర్థం కోరుకోవడం. 'షల్' అర్థం బాకీ పడి ఉండటం. 'విల్'లో ఆ పాత అర్థం ఇంకా పోలేదు. 'ద స్కూటర్ వోంట్ స్టార్ట్' అంటే ఏంటి? ఎంత తన్నినా బండి స్టార్ట్ కానంటోంది అని. మనమూ అలాగే అంటాం కదా! ఈ ఒక్క వాక్యం పిల్లలకు చెప్పి చూడు, 'విల్' మీద ఉన్న భయం సగం పోతుంది.

'ఐ'కీ 'వి'కీ 'షల్', మిగతావాళ్లకు 'విల్' అని మనందరం బట్టీ పట్టాం. ఆ సూత్రం 1653లో జాన్ వాలిస్ అనే ఆయన లాటిన్‌లో రాసిన ఇంగ్లీషు వ్యాకరణంలో ఉంది. ఆయన గణితవేత్త. అనంతానికి వేసే అడ్డం ఎనిమిది గుర్తు మొదలుపెట్టింది కూడా ఆయనే. ఆ సూత్రం మీద ఒక్క పీరియడ్ కూడా పెట్టకు. 'షల్ ఐ ఓపెన్ ద విండో?', 'షల్ వి గో?' అని పిల్లలు అనగలిగితే చాలు.

అసలు చిక్కు మన పిల్లలకు ఇంకోచోట ఉంది. తెలుగులో 'లేస్తాను' అన్న మాట రెండు పనులు చేస్తుంది. రోజూ ఆరింటికి లేస్తాను అన్నా అదే, రేపు ఆరింటికి లేస్తాను అన్నా అదే. మన వ్యాకరణంలో తద్ధర్మం అంటారే, ఎప్పుడూ అలవాటుగా జరిగే పనిని చెప్పే రూపం, అదీ భవిష్యత్తూ వాడుకలో ఒకటైపోయాయి. పిల్లాడు చిన్నప్పుడే '-తాను' అంటే 'విల్' అని లెక్క కట్టేసుకుంటాడు. ఇక 'డైలీ ఐ విల్ గెట్ అప్ ఎట్ సిక్స్', 'మై ఫాదర్ విల్ వర్క్ ఇన్ రైల్వేస్' అని రాస్తాడు. వాళ్ల నాన్న ఉద్యోగంలో చేరి పదిహేనేళ్లయి ఉంటుంది! నీ క్లాసు నోట్సులు తిరగేసి చూడు, ఇలాంటివి కనీసం పది దొరుకుతాయి. కాబట్టి ముందు 'రోజూ', 'రేపు' అన్న రెండు మాటలు బోర్డుకు చెరో వైపు రాసి, ఒకే తెలుగు క్రియను రెండువైపులా పెట్టించి, ఇంగ్లీషులో ఎక్కడ విడిపోతుందో వాళ్లచేతే చెప్పించు. దీనికి ఒక రోజంతా పట్టినా పర్వాలేదు.

రెండోరోజు 'గోయింగ్ టు'. ఇది నాకు బాగా పట్టుబడింది మన ఊరి మిరప కళ్లంలో. మీ నాన్నకు అప్పుడు పన్నెండేళ్లు ఉంటాయేమో. ఎండబోసిన కాయ కళ్లం నిండా ఎర్రగా పరుచుకుని ఉంది. మధ్యాహ్నం మూడింటికి పడమట మబ్బు కమ్ముకొచ్చింది. మీ తాతయ్య తల ఎత్తి చూసి 'వాన వచ్చేలా ఉంది, పట్టాలు తీసుకురండి' అని కేకేశారు. పాలేరు మాత్రం 'రాదులే అయ్యా, ఇటు రాదు' అన్నాడు. సగం కప్పేసరికే చినుకులు పడ్డాయి. తడిసిన కాయ ఆ ఏడు తాలు కింద పోయింది. ఇంగ్లీషు పాఠాలు చెప్పడం మొదలుపెట్టాక ఆ రెండు మాటలూ నాకు పదేపదే గుర్తొచ్చేవి. మీ తాతయ్యది మబ్బును చూసి అన్న మాట, 'ఇట్స్ గోయింగ్ టు రెయిన్'. పాలేరుది తన నమ్మకం, 'ఇట్ వోంట్ రెయిన్'. కళ్లెదుట ఆధారం ఉంటే 'గోయింగ్ టు', మనసులో అనిపించింది చెప్తే 'విల్'. మన భాషలో 'వచ్చేలా ఉంది', 'వస్తుందిలే' అన్న తేడా పిల్లలకు పుట్టుకతో తెలుసు. దాన్నే పట్టుకుని ఇంగ్లీషులోకి తీసుకెళ్లు.

మన సొంత పనుల విషయంలో అడగాల్సింది ఒకటే: ఈ నిర్ణయం ఎప్పుడు జరిగింది? కాలింగ్ బెల్ మోగింది, 'ఉండు, నేను తీస్తాను' అన్నాం. నిర్ణయం అప్పటికప్పుడు పుట్టింది కాబట్టి 'ఐల్ గెట్ ఇట్'. ('ఐల్' అనే అనిపించు. ప్రతిసారీ 'ఐ విల్' అని విడదీసి ఒత్తి పలికితే పంతం పట్టినట్టు వినిపిస్తుంది.) 'ఈ సెలవుల్లో డ్రైవింగ్ నేర్చుకుందామనుకుంటున్నా' అంటే ముందే అనుకున్నాం, కాబట్టి 'గోయింగ్ టు'. 'శుక్రవారం చెన్నై వెళ్తున్నా, టికెట్ కూడా అయింది' అంటే ఏర్పాటు జరిగిపోయింది, 'ఐ యామ్ లీవింగ్ ఆన్ ఫ్రైడే'. పినాకిని ఎక్స్‌ప్రెస్ విజయవాడలో పొద్దున్నే బయల్దేరుతుంది అన్నది నా ఇష్టంతోనూ నీ ఇష్టంతోనూ పని లేని రైల్వే వాళ్ల టైమ్‌టేబుల్, కాబట్టి 'ద పినాకిని లీవ్స్ ఎర్లీ ఇన్ ద మార్నింగ్'. క్లాసుకు నిజం రైలు టికెట్ ఒకటి పట్టుకెళ్లు. దాన్ని చేత్తో పట్టుకుని 'అయామ్ లీవింగ్' అంటే పిల్లలకు వేరే వివరణ అక్కర్లేదు. ఒక్క జాగ్రత్త: 'గోయింగ్ టు' తర్వాత ఊరి పేరు వస్తే అది ప్రయాణం, క్రియ వస్తే ఉద్దేశం. ఈ రెంటినీ కలిపేసుకుంటారు, మొదట్లోనే విడదీసి చూపించు.

ఇది పరీక్షల కోసం మాత్రమే చెప్పడం లేదు. నా దగ్గర చదువుకున్న అమ్మాయి ఒకతె ఇంజినీరింగ్ అయ్యాక ఉద్యోగంలో చేరింది. విదేశంలో ఉన్న మేనేజరు ఫలానా రిపోర్టు ఏమైంది అని అడిగితే 'ఐ విల్ సెండ్ ఇట్ టుడే' అంది. పాపం, రెండు రోజులుగా అదే పని మీద ఉంది, సాయంత్రం పంపడానికి అంతా సిద్ధం చేసుకుంది. కానీ విన్నవాడికి ఎలా అనిపించిందంటే, తను అడిగాకే ఈమెకు గుర్తొచ్చిందని. 'అయామ్ సెండింగ్ ఇట్ దిస్ ఈవినింగ్' అని ఉంటే సరిపోయేది. నాకు ఫోన్ చేసి ఏడ్చినంత పని చేసింది. తను చెప్పింది వ్యాకరణం ప్రకారం తప్పు కాదు, నేను నేర్పిందే చెప్పింది. ఆ రోజు నేను పడ్డ బాధ నువ్వు పడకూడదని ఇదంతా.

ఇక 'ఇఫ్', 'వెన్', 'ఆఫ్టర్'. 'వెన్ హి విల్ కమ్, ఐ విల్ టెల్ హిమ్' అని రాయని పిల్లాడు ఉండడు. ఇక్కడ మన తెలుగు మీద నింద వేయకు. వాడు వస్తే చెప్తాను, వాడు వచ్చాక చెప్తాను అంటాం. 'వస్తే'లో భవిష్యత్తు ఎక్కడుంది? 'వచ్చాక' చూస్తే జరిగిపోయినట్టే ఉంటుంది. రేపటి సంగతిని వాక్యం చివర 'చెప్తాను' ఒక్కటే మోస్తోంది. ఇంగ్లీషూ అంతే, 'వెన్ హి కమ్స్, ఐల్ టెల్ హిమ్'. పిల్లలు తెలుగును నమ్ముకుని ఉంటే ఈ తప్పు చేసేవాళ్లే కారు. పట్టిక చూసి, రేపు అనగానే ప్రతిచోటా 'విల్' అతికించడం వల్ల వచ్చిన తప్పు ఇది.

మిగతావి తేలిక. 'విల్ హావ్ రీచ్డ్' అంటే అప్పటికల్లా చేరిపోయి ఉంటాం. 'అబౌట్ టు' అంటే గడప దాటబోతున్నాం. పేపర్లో 'మినిస్టర్ టు విజిట్' అని హెడ్డింగ్ వస్తుంది చూడు, అలాంటివి నాలుగు కత్తిరించి గోడకు అంటించు. 'విల్ యూ బి యూజింగ్ ద స్కూటర్?' మాత్రం తప్పకుండా నేర్పు. నీకు బండితో పని ఉందా అని ఎదుటివాణ్ని ఇబ్బంది పెట్టకుండా అడిగే మర్యాద అందులో ఉంది. మర్యాద అనుకుని రేపు వస్తాను అనడానికి 'ఐ వుడ్ కమ్ టుమారో' అనే అలవాటు మనవాళ్లలో ఉంది. అది విన్నచోటల్లా ఆపి 'ఐల్' అనిపించు.

నువ్వు తొమ్మిదింటికి వెళ్లి ఐదింటికి వస్తావు, పాఠం రాసుకోవడానికి టైమ్ ఉండదని తెలుసు. అందుకే ఆదివారమే బెల్ నుంచి రైలు టికెట్ దాకా పది తెలుగు వాక్యాలు రాసి పెట్టుకో, ఇంగ్లీషు పిల్లలే చెప్తారు. వాళ్లు రాసినవాటిలో నీకు అనుమానం వచ్చినవి ఫొటో తీసి వాట్సాప్‌లో పంపు. మధ్యాహ్నం మూడు దాటాక చూస్తాను.

ఇట్లు,
నీ అత్తయ్య