అమ్మానాన్నల గ్రీన్ కార్డుకి స్పాన్సర్ కాగితాలు: నిరుడు ఆదాయం తగ్గింది, పాత సంతకం ఒకటి మిగిలుంది

ప్రశ్న: నేను అమెరికా పౌరుణ్ని, డాలస్‌లో ఉంటున్నాను. గుంటూరులో ఉన్న అమ్మకీ నాన్నకీ వేసిన పిటిషన్లు ఆమోదమయ్యాయి, ఇప్పుడు స్పాన్సర్ కాగితాలు పెట్టమంటున్నారు. నిరుడు ఉద్యోగం పోయి కొన్ని నెలలు నిరుద్యోగ భృతి మీద నెట్టుకొచ్చాం. టాక్స్ రిటర్న్‌లో నాదీ మా ఆవిడదీ కలిపి 44 వేల డాలర్లే కనబడుతోంది. నాలుగు నెలల కిందట న్యూజెర్సీ నుంచి ఇక్కడికి వచ్చి కొత్త ఉద్యోగంలో చేరాను, జీతం ఏడాదికి 62 వేలు. మా ఆవిడకి నా ద్వారానే గ్రీన్ కార్డు వచ్చింది, స్కూల్లో పార్ట్ టైమ్ చేస్తుంది, 16 వేల దాకా వస్తుంది. మాకొక బాబు. హెచ్-1బీ మీద ఉన్న మిత్రుడు జాయింట్ స్పాన్సర్‌గా సంతకం పెడతానంటున్నాడు. నాన్న పేరున రెండెకరాల పొలం, కొన్ని ఎఫ్‌డీలు ఉన్నాయి, అవి చూపిస్తే పనవుతుందా? విజిటర్ వీసాకి పంపినట్టు నోటరీ చేయించిన స్పాన్సర్ లెటర్ చాలా? ఇంకో మాట. మూడేళ్ల కిందట వేరే ఫ్రెండ్ భార్య గ్రీన్ కార్డుకి నేను జాయింట్ స్పాన్సర్‌గా సంతకం చేశాను. వాళ్లు తర్వాత విడాకులు తీసుకున్నారు కాబట్టి దానితో నాకిక సంబంధం లేదనుకుంటున్నాను.

జవాబు: మీరు ఆఖర్న ‘ఇంకో మాట’ అని తేలిగ్గా రాసిందే అన్నిటికన్నా ముందు చూడాల్సిన సంగతి. సంబంధం ఉంది, గట్టిగానే ఉంది.

మీరు అప్పుడు సంతకం చేసింది ఐ-864 అనే ఫారం. అది ఉత్తరం కాదు, వలస వచ్చిన మనిషి బతుకుతెరువుకి నాది పూచీ అని అమెరికా ప్రభుత్వంతో మీరు చేసుకున్న ఒప్పందం. ఫారం ఎనిమిదో భాగంలో ఆ షరతులన్నీ అచ్చేసి ఉంటాయి, చాలామంది దాన్ని బ్యాంకు లోను కాగితాల్లా తిరగేసి సంతకం దగ్గరికి వెళ్లిపోతారు. ఆ బాధ్యత ఎప్పుడు తీరుతుందంటే, మీ ఫ్రెండ్ మాజీ భార్య అమెరికా పౌరసత్వం తీసుకున్నప్పుడు, లేదా ఆవిడ ఖాతాలో సోషల్ సెక్యూరిటీ లెక్కన 40 క్వార్టర్ల పని జమ అయినప్పుడు (ఏడాదికి నాలుగు మించి రావు, అంటే మామూలుగా పదేళ్ల మాట), లేదా గ్రీన్ కార్డు వదులుకుని దేశం విడిచి వెళ్లిపోయినప్పుడు, లేదా ఆవిడో మీరో కాలం చేసినప్పుడు. ఈ జాబితాలో విడాకులు లేవు. వాళ్ల కాపురం ఏమైందన్నదానితో మీ సంతకానికి పని లేదు. ఆదాయాన్ని బట్టి పేదలకిచ్చే ప్రభుత్వ సాయం ఆవిడ తీసుకుంటే ఆ సంస్థ మీ దగ్గర వసూలుకి రావచ్చు. అంతేకాదు, బతుకుతెరువుకి చాలడం లేదని ఆవిడే మీమీద కోర్టుకెళ్లే హక్కు కూడా చట్టం ఇచ్చింది. భయపెట్టడానికి చెప్పట్లేదు, అలా ప్రతి ఒక్కరికీ జరగదు, కానీ జరిగినప్పుడు ‘నాకు తెలీదు’ అంటే చెల్లదు.

ప్రస్తుతం మీ అమ్మానాన్నల కేసులో ఇది ఎక్కడ తగులుతుందంటే మనుషుల లెక్కలో. ఫారం ఐదో భాగంలో మీ ఇంటి సంఖ్య వేయాలి: మీరు, మీ భార్య, 21 ఏళ్లు నిండని పెళ్లికాని పిల్లలు, టాక్స్ రిటర్న్‌లో డిపెండెంట్లుగా చూపినవాళ్లు, ఇప్పుడు స్పాన్సర్ చేస్తున్న మనిషి, దాంతో పాటు గతంలో ఐ-864 మీద స్పాన్సర్ చేసి, గ్రీన్ కార్డు వచ్చి, ఆ బాధ్యత ఇంకా తీరనివాళ్లు. ఫ్రెండ్ మాజీ భార్య ఎక్కడో వేరే ఊళ్లో ఉన్నా సరే, ఈ లెక్కలో మీ ఇంట్లోనే ఉంది. మీ ఆవిడకి కూడా మీరే స్పాన్సర్ కదా, ఆవిణ్ని భార్యగా ఒకసారి, పాత స్పాన్సర్ కింద ఇంకోసారి వేయకండి. ఒక మనిషిని ఒకసారే లెక్కపెట్టాలి.

కాబట్టి నాన్న ఫారంలో మీ సంఖ్య ఐదు. అమ్మ ఫారంలో కూడా మామూలుగా ఐదే, ఎందుకంటే నాన్నకి ఇంకా గ్రీన్ కార్డు రాలేదు. అయితే నాన్న ముందుగా వచ్చేసి అమ్మ కేసు వెనకబడితే అమ్మ లెక్క ఆరుకి చేరుతుంది. అందుకే ఆరుగురికి సరిపోయేంత ఆదాయం చూపించేలా తయారవ్వండి. చూపాల్సింది ఫెడరల్ పేదరిక పరిమితిలో 125 శాతం. 2025 పట్టిక ప్రకారం ఐదుగురికి 47,062 డాలర్లు, ఆరుగురికి 53,937. అలాస్కా, హవాయి రాష్ట్రాలకి వేరే అంకెలు, మీకు అక్కర్లేదు. ఈ పట్టిక ఏటా మారుతుంది, మీరు ఫారం వేసేనాటికి అమల్లో ఉన్నది చూసుకోండి.

ఫ్రెండ్ మాజీ భార్య పౌరసత్వం తీసుకుందేమో కనుక్కోండి, తీసుకుని ఉంటే లెక్కలోంచి తీసేయొచ్చు. కానీ పౌరుణ్ని పెళ్లాడినవాళ్లకి ఉండే మూడేళ్ల దారి విడాకులతో మూసుకుపోతుంది, ఐదేళ్లు ఆగాలి, కాబట్టి ఇంకా తీసుకుని ఉండకపోవచ్చు. ఆవిణ్ని రాయకుండా వదిలేస్తే ఎవరికి తెలుస్తుందిలే అనుకోవద్దు. మీ పాత ఐ-864 ప్రభుత్వం ఫైల్లోనే ఉంది, మీరు సంతకం పెట్టేది అబద్ధమైతే శిక్షకు సిద్ధమేనన్న ప్రమాణం కింద.

ఇక జీతం. ఇక్కడ మీరు అనవసరంగా టెన్షన్ పడుతున్నారు. అధికారి ముఖ్యంగా చూసేది ఈ ఏడాది మీకు వచ్చే ఆదాయాన్ని, నిరుటిది దాని వెనక ఉండే కథ మాత్రమే. ఆరో భాగంలో ప్రస్తుత వార్షిక ఆదాయం అన్నచోట 62 వేలు వేయండి, అది ఆరుగురి లెక్కని కూడా దాటుతుంది. కాకపోతే నిరుటి రిటర్న్ బక్కగా ఉన్నప్పుడు ఆ 62 వేలని కాగితాలతో నిలబెట్టాలి. కంపెనీ లెటర్‌హెడ్ మీద ఒక ఉత్తరం తీసుకోండి, అందులో మీ హోదా, చేరిన తేదీ, ఏడాది జీతం, అది పర్మనెంట్ ఫుల్‌టైమ్ ఉద్యోగమన్న మాట ఉండాలి. ‘ఇతను మా దగ్గర పనిచేస్తున్నాడు’ అని ఒక్క ముక్క రాసిచ్చే హెచ్ఆర్ వాళ్లుంటారు, మళ్లీ అడిగి రాయించుకోండి. చేరిన దగ్గర్నుంచి వచ్చిన పే స్టబ్‌లన్నీ పెట్టండి. ఉద్యోగం ఎప్పుడు పోయింది, మళ్లీ ఎప్పుడు దొరికింది అని తేదీలతో ఓ అరపేజీ వివరణ మీరే రాసి జత చేయండి. నిరుద్యోగ భృతి తీసుకున్నందుకు మీకు నష్టమేమీ లేదు, అది పేదలకిచ్చే సాయం కిందికి రాదు.

టాక్స్ కాగితాల్లో జనం ఎక్కువగా తప్పటడుగు వేసేది ఒక గడి దగ్గర. ఫారంలో అడిగేది 1040లో, అంటే మీ టాక్స్ రిటర్న్ ఫారంలో, తొమ్మిదో లైనులో ఉండే మొత్తం ఆదాయం. దాని కిందెక్కడో తగ్గింపులన్నీ పోయాక మిగిలే పన్ను పడే ఆదాయాన్ని వేసి, తమ అంకెని తామే కోసుకుని, ఆదాయం చాలలేదని ఉత్తరం వచ్చాక లబోదిబోమంటారు. రిటర్న్ కాపీ బదులు ఐఆర్‌ఎస్ (అమెరికా పన్నుల శాఖ) వెబ్‌సైట్ నుంచి దాని ట్రాన్స్‌క్రిప్ట్ తీసుకోండి, ఉచితం. ఒక్క ఏడాదిది తప్పనిసరి, మూడేళ్లవి ఇవ్వడం మీ ఇష్టం. నిరుటికి ముందు రెండేళ్లూ మీ ఆదాయం బాగుంటే మూడూ ఇవ్వమనే నా సలహా, అప్పుడు నిరుటిది ఒడిదుడుకని చూడగానే తెలుస్తుంది. మామూలుగా ట్రాన్స్‌క్రిప్ట్ ఇస్తే డబ్ల్యూ-2లు (ఏడాది జీతం లెక్కతో కంపెనీ ఇచ్చే కాగితాలు) అక్కర్లేదు, కానీ మీరిద్దరూ కలిపి రిటర్న్ వేసి మీ ఒక్కరి ఆదాయమే చూపిస్తున్నారు కాబట్టి డబ్ల్యూ-2లు కూడా పెట్టాలి. అవి లేకపోతే ఆ 44 వేలల్లో మీదెంతో, ఆవిడదెంతో వాళ్లకెలా తెలుస్తుంది?

మీ ఆవిడ 16 వేలు కలుపుకోవాలంటే ఆవిడ ఐ-864ఏ అనే, ఇంట్లోవాళ్లు తమ ఆదాయం కలపడానికి వేసే ఫారం మీద సంతకం చేయాలి. ఒకే ఇంట్లో ఉంటున్నారు కాబట్టి అర్హురాలే. కానీ ఆ సంతకంతో మీ బాధ్యతలో ఆవిడా సగం కాదు, పూర్తిగా భాగస్తురాలవుతుంది. మీ ఒక్కరి జీతమే చాలుతున్నప్పుడు దాని జోలికి పోకుండా ఉండటమే నాకిష్టం. మీ ఉద్యోగం కొత్తది కాబట్టి ఇంటర్వ్యూలో అధికారికి అనుమానం వచ్చి ఇంకా కావాలంటే అప్పుడు ఇవ్వొచ్చు, కాగితాలు సిద్ధం చేసి పక్కన పెట్టుకోండి.

హెచ్-1బీ మిత్రుడికి థాంక్స్ చెప్పి ఊరుకోండి. జాయింట్ స్పాన్సర్ అయ్యేవాళ్లు పౌరులో గ్రీన్ కార్డుదారులో అయి ఉండాలి, 18 ఏళ్లు నిండాలి, అమెరికాలో స్థిర నివాసం ఉండాలి. జీతం మూడు లక్షలైనా హెచ్-1బీ పనికిరాదు. చుట్టరికం మాత్రం అక్కర్లేదు. ఒకవేళ రేపు మీ ఉద్యోగం మళ్లీ అటూ ఇటూ అయి జాయింట్ స్పాన్సర్ కావాల్సివస్తే, ఆ మనిషి తన ఇంటివాళ్లకీ మీ నాన్నకీ లేదా అమ్మకీ కలిపి మొత్తం 125 శాతం సొంతంగా చూపించాలి, మీ జీతంలో తక్కువైన కాస్త పూడ్చడం కుదరదు. అప్పుడు కూడా పిటిషన్ వేసినవారిగా మీ ఐ-864 మీరు వేయాల్సిందే, ఆదాయం సున్నా అయినా సరే. ఇంకొకరి చేత సంతకం చేయించేముందు మీ ఫ్రెండ్ మాజీ భార్య విషయంలో మీరిప్పుడు ఎక్కడున్నారో వాళ్లకి చెప్పండి.

పొలం సంగతి. ఆస్తి చూపించొచ్చు, చట్టం ఒప్పుకుంటుంది, వలస వచ్చే మనిషి సొంత ఆస్తి కూడా చెల్లుతుంది. కానీ తల్లిదండ్రుల కేసుల్లో ఆస్తి విలువ, ఆదాయంలో తక్కువైన మొత్తానికి ఐదు రెట్లు ఉండాలి. పౌరుల భార్యాభర్తలకైతే మూడు రెట్లే. పది వేలు తక్కువైతే యాభై వేల డాలర్ల ఆస్తి కావాలన్నమాట. పైగా ఏడాదిలోపు అమ్మి సొమ్ము చేసుకోగలగాలి, ఆ సొమ్ము ఇక్కడికి తేగలగాలి. ఇండియాలో నివసించేవాళ్లు రిజర్వ్ బ్యాంక్ నిబంధనల కింద ఆర్థిక సంవత్సరానికి తలకి రెండున్నర లక్షల డాలర్ల దాకా బయటికి పంపుకోవచ్చు కాబట్టి తేవడం సాధ్యమే. కాకపోతే పట్టాదారు పాస్‌బుక్, ఈసీ, వాల్యుయర్ రిపోర్టు, తెలుగులో ఉన్న ప్రతి కాగితానికీ ఇంగ్లీషు అనువాదం, అనువాదకుడి ధ్రువీకరణ, ఇన్ని పెట్టినా రెండెకరాలు ఏడాదిలో అమ్ముడవుతాయని ముంబైలో కూర్చున్న అధికారిని నమ్మించడం వేరే పని. అన్నదమ్ముల వాటా ఏదైనా తేలకుండా ఉంటే అసలు కదపొద్దు. అవసరమే వస్తే ఎఫ్‌డీలు నయం, బ్యాంకు లెటర్‌తో తేలిపోతుంది. మీ కేసులో రెండూ అక్కర్లేదు.

నోటరీ లెటర్ విజిటర్ వీసాకి పంపుకునేది, ఇక్కడ దానికి విలువ లేదు. ఐ-864కి నోటరీ కూడా అవసరం లేదు, మీ చేతి సంతకం చాలు. అయితే సంతకం పెట్టడం మరచిపోయి, లేదా కంప్యూటర్లో టైపు చేసిన పేరే సంతకమనుకుని వెనక్కి తెచ్చుకునేవాళ్లు తక్కువేం కాదు.

అమ్మకొకటి, నాన్నకొకటి, రెండు విడి సెట్లు తయారుచేయండి. మీరు వేసిన పిటిషన్లు రెండు, కాబట్టి నాన్న ఫారంలో మూడో భాగంలో అమ్మని ‘వెంట వచ్చే కుటుంబ సభ్యురాలు’గా రాయకూడదు, అమ్మ ఫారంలో నాన్ననీ అంతే. పేర్లు పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయండి. మనవాళ్ల ఇంటిపేరు ఒకచోట ముందూ ఒకచోట వెనకా వస్తుంటుంది, ఒక కాగితంలో పొట్టి అక్షరంగా ఇంకోదాంట్లో పూర్తిగా ఉంటుంది, రెండు సెట్లూ పక్కపక్కన పెట్టుకుని ఒకసారి సరిచూడండి. ఇంటర్వ్యూ ఏప్రిల్ దాటాక పడితే అప్పటికి వేసిన కొత్త రిటర్న్ ట్రాన్స్‌క్రిప్ట్, తాజా పే స్టబ్‌లు అమ్మానాన్నలకి పంపండి, కొత్త ఏడాది ఆదాయం ఎక్కువ కాబట్టి అది మీకే లాభం.

మీరు అడగనిది ఒకటుంది. న్యూజెర్సీ నుంచి డాలస్‌కి మారానన్నారు. బాధ్యత నడుస్తున్న స్పాన్సర్ ఇల్లు మారితే 30 రోజుల్లోపు ఐ-865 అనే ఫారంతో యూఎస్‌సీఐఎస్‌కి (అమెరికా వలస సేవల శాఖకి) కొత్త అడ్రస్ తెలపాలి. మీ ఆవిడ విషయంలోనూ, ఆ ఫ్రెండ్ మాజీ భార్య విషయంలోనూ మీరు ఇది చేయాల్సింది, చేసి ఉండరని నా అనుమానం. చెప్పకపోతే 250 నుంచి 2,000 డాలర్ల దాకా జరిమానా ఉంది. స్పాన్సర్ చేసిన మనిషి ప్రభుత్వ సాయం తీసుకుందని తెలిసీ ఊరుకుంటే 2,000 నుంచి 5,000 దాకా. గడువు దాటిపోయినా ఐ-865 ఈ వారమే పంపేయండి, కాపీలు ఉంచుకోండి, ఆ తర్వాతే అమ్మానాన్నల ఐ-864ల మీద డాలస్ అడ్రస్ వేయండి.