లా ఫీజు కాదండీ, ఆ తర్వాత మూడేళ్లు చూసుకోండి

ప్రశ్న: మాది కావలి. అమ్మాయి బీకాం ఫైనలియర్. ఉద్యోగులంతా కలిసి కంపెనీ మీద వేసే క్లాస్ యాక్షన్ కేసులు వాదిస్తానంటోంది. వాటిలో కోట్లు వస్తాయని వీడియోల్లో చూశాం. నెల్లూరు వీఆర్ లా కాలేజీలో చేర్చాలా, హైదరాబాద్‌లో లక్షలు పోసి చదివించాలా? ఆడపిల్ల కోర్టుల చుట్టూ తిరిగితే రేపు సంబంధాలు వస్తాయా?

జవాబు: ముందు ఆ కోట్ల సంగతి. అది అమెరికా లెక్క. అక్కడ లాయరు సొంత ఖర్చుతో కేసు నడిపి, గెలిస్తే వచ్చిన సొమ్ములో వాటా తీసుకుంటాడు. మన దగ్గర అలా వాటా మాట్లాడుకోవడం లాయర్లను నియంత్రించే బార్ కౌన్సిల్ నియమాలకే విరుద్ధం. కంపెనీల చట్టం 2013లోని సెక్షన్ 245 క్లాస్ యాక్షన్ కంపెనీలో షేర్లున్నవాళ్లకు, డిపాజిటర్లకు. జీతం రాని ఉద్యోగికి అది పనికిరాదు.

మనకున్నది సివిల్ ప్రొసీజర్ కోడ్ (సివిల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే చట్టం) ఆర్డర్ 1 రూల్ 8. ఒకే బాధ ఉన్న అందరి తరఫునా ఒకరిద్దరు దావా వేయొచ్చు. కోర్టు అనుమతి కావాలి. మిగతా అందరికీ నోటీసులు వెళ్లాలి, జనం మరీ ఎక్కువైతే పేపర్లో ప్రకటన వేయాలి. ఆ ఖర్చు దావా వేసినవాళ్లదే. అసలు జీతాల గొడవలు చాలావరకు సివిల్ కోర్టు దాకా రావు, లేబర్ అధికారుల దగ్గరే నడుస్తాయి.

చీమకుర్తి క్వారీ కూలీల బకాయి కేసే అనుకోండి. సీనియర్ దగ్గర పని నేర్చుకునే జూనియర్ లాయరుకి వాదన ఎక్కడుంటుంది? ఆధార్‌లో ఒక పేరు, పాస్‌బుక్‌లో ఇంకో పేరు, హాజరు పుస్తకంలో ఇంటిపేరు లేని మూడో పేరు. మూడు పేర్లూ ఒక్క మనిషివేనని కాగితాలతో చూపాలి. కాంట్రాక్టర్ యజమానిని అడగమంటాడు, యజమాని కాంట్రాక్టర్‌ని అడగమంటాడు. ఈలోపు నలుగురు చేతికొచ్చింది తీసుకుని రాజీ పడతారు. ఈ పని ఇష్టమైతేనే ఈ దారి. కోట్ల కోసమైతే నేను వద్దనే అంటాను.

ఇక సంబంధాల మాట. మీ అసలు టెన్షన్ ఇదే, కాలేజీ కాదు. ఆ మాట అమ్మాయి ముందు అన్నారా? అని ఉంటే తప్పు చేశారు. చదువు మొదలుకాకముందే ఆమె కాళ్లకు బంధం వేయకండి. జిల్లా కోర్టుల్లో ఆడపిల్లలు వాదిస్తున్నారు, జడ్జిలుగా కూర్చుంటున్నారు. జూనియర్ సివిల్ జడ్జి పోస్టుకు మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే కోర్టులో గడిపిన ఆ కాలం ఎటూ వృథా పోదు.

కష్టమంతా ఆ మూడేళ్లే. జూనియర్లకు పట్టణాల్లో నెలకు 20 వేలు, గ్రామాల్లో 15 వేలు ఇవ్వాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024లో సూచించింది. అది సూచనే. చేతికి అంత వస్తుందని లెక్క వేసుకోకండి. అందుకే నెల్లూరులో చేర్చి, మిగిలిన లక్షలు ఆమె జూనియర్‌గా ఉన్నన్నాళ్లూ అద్దెకూ బస్సు చార్జీలకూ దాచమంటున్నాను.

ఫీజు కట్టే ముందు ఒక రోజు నెల్లూరు జిల్లా కోర్టుకు తీసుకెళ్లండి. సివిల్ కోర్టు హాల్లో వెనక బెంచీ మీద ఇద్దరూ కూర్చోండి. వరసగా వాయిదాలు పడుతుంటే చూడనివ్వండి. మధ్యాహ్నం బయటికొచ్చి టీ తాగుతూ అడగండి, ఇంకా లా చదువుతావా అమ్మా అని.