పాటలు చల్లారకముందే రికార్డ్ చెయ్యండి

అమ్మలూ,

నువ్వు ఫోన్‌లో పాడి పంపిన ఎనిమిది పాటలూ విన్నాను. నాలుగోది మళ్ళీ మళ్ళీ విన్నాను. ఆల్బమ్‌కి స్టూడియో ఆరు నెలలు మాట్లాడుకోవాలా అని అడిగావు. వద్దు తల్లీ. ఐదు రోజులు చాలు.

ముప్పై ఏళ్ళుగా ఇక్కడ అమెరికాలో, సెయింట్ లూయిస్‌లో శని, ఆదివారాలు చిన్న బ్యాండ్లకు సౌండ్ చూస్తున్నాను కాబట్టి ఇంత ధైర్యంగా చెబుతున్నాను. మిసిసిపీ నదికి అవతలి వైపు, ఇల్లినాయ్ రాష్ట్రంలో బెల్‌విల్ అని ఒక ఊరుంది. అక్కడి కుర్రాళ్ళదే అంకుల్ టుపెలో బ్యాండ్. జే ఫరార్, జెఫ్ ట్వీడీ, డ్రమ్స్ మీద మైక్ హైడోర్న్. వాళ్ళ మూడో ఆల్బమ్ పేరు 'మార్చ్ 16–20, 1992'. రికార్డ్ చేసిన తేదీలే పేరయ్యాయి. జార్జియా రాష్ట్రంలోని ఏథెన్స్‌లో, జాన్ కీన్ స్టూడియోలో, సోమవారం మొదలుపెట్టి శుక్రవారానికి ముగించారు. ఆర్.ఈ.ఎమ్. అనే బ్యాండ్ గిటారిస్ట్ పీటర్ బక్ ప్రొడ్యూసర్‌గా ఉండి, వాళ్ళని తన ఇంట్లోనే ఉంచుకున్నాడు. అంతకు ఆరు నెలల ముందే నిర్వాణా అనే రాక్ బ్యాండ్ ఆల్బమ్ వచ్చి రేడియో అంతా డిస్టార్షన్ గిటార్లతో, అంటే గరగరలాడే ఎలక్ట్రిక్ గిటార్లతో హోరెత్తుతోంది. గట్టిగా వాయించడం వీళ్ళకీ బాగా వచ్చు. అయినా కరెంటు అక్కర్లేని అకౌస్టిక్ గిటార్లు, బాంజోలు పట్టుకుని పాత గని కార్మికుల పాటలు, భక్తి పాటలు పాడారు.

గడువు పెట్టుకోమని ఎందుకంటున్నానో విను. ఒకసారి ఒక బ్యాండ్‌కి నేనే క్లిక్, అంటే చెవిలో తాళం చెప్పే టిక్‌టిక్, పెట్టి వాయించమన్నాను. తర్వాత గొంతు ఒక్కటే విడిగా, లైను లైనుగా రెండు వారాలు తీశాం. శ్రుతి ఎక్కడా తప్పలేదు. కానీ ఆ బ్యాండ్‌లో పాడే అమ్మాయి మొదటి రోజు వరండాలో కూర్చుని పాడినప్పుడున్న తడి ఒక్క లైనులోనూ మిగల్లేదు. ఆ తప్పు నాదే, ఇప్పటికీ బాధగా ఉంటుంది.

అందుకే మీ బ్యాండ్ ముగ్గురూ ఒకే గదిలో, ఒకరి మొహం ఒకరికి కనిపించేలా కూర్చోండి. మైకు గిటారు రంధ్రానికి ఎదురుగా పెట్టకు, గుమ్ గుమ్ మంటుంది. గిటారు మెడ మీద పన్నెండో ఫ్రెట్ (అడ్డ మెట్టు) వైపు తిప్పి జానెడు దూరంలో పెట్టు. తీగలు ముందురోజే మార్చేయండి, అప్పటికప్పుడు మారిస్తే పాట మధ్యలో శ్రుతి జారిపోతుంది. నీ గొంతు గిటారు మైకులోకి, గిటారు నీ మైకులోకి లీకవుతాయి. కానివ్వు. అప్పుడు ఒకదాన్ని వదిలి ఇంకొకదాన్ని దిద్దడం కుదరదు, కాబట్టి అందరూ మనసు పెట్టి వాయిస్తారు. పాటకి మూడు టేకులు, అంతే. మూడోదానికీ రాకపోతే ఆ పాట పక్కన పెట్టి టీ తాగండి. వేలు తీగ మీద జారినప్పుడు వచ్చే కీచు, చరణం ఎత్తుకునే ముందు నువ్వు పీల్చే ఊపిరి, వీటిని తీసేయమని ఎవరన్నా ఒప్పుకోకు.

పాత పాట పాడేటప్పుడు అది ఎవరిదో వెతుకు. 'జానపదం' అని రాసేసి చేతులు దులుపుకోవద్దు. అంకుల్ టుపెలో ఆల్బమ్‌లోని గని కార్మికుల పాట కెంటకీ రాష్ట్రానికి చెందిన సారా ఓగన్ గన్నింగ్ కట్టినది. గనుల్లో బతుకు చూసిన మనిషి ఆవిడ. మన దగ్గర 'పల్లెటూరి పిల్లగాడా' సుద్దాల హనుమంతు రాశారని తెలియక జానపదం అనుకునేవాళ్ళు ఎంతమంది లేరు! అట్ట మీద పేరు వెయ్యి. హక్కులు ఎవరి దగ్గరున్నాయో కనుక్కుని అడుగు.

ఇక జనం ఎలా తీసుకుంటారోనన్న నీ టెన్షన్. మొదటి నెల లెక్కలు చూడకు. 'మార్చ్ 16–20, 1992' కూడా పెద్ద హిట్టేం కాదు. అయినా అంతకుముందు రెండు ఆల్బమ్‌లూ కలిపి అమ్ముడైనదానికంటే అదొక్కటే ఎక్కువ అమ్ముడైంది. అదే ఏడాది పెద్ద కంపెనీ ఒప్పందమూ వచ్చింది. 1994లో బ్యాండ్ విడిపోయింది. అందులోంచి సన్ వోల్ట్, విల్కో అని రెండు బ్యాండ్లు పుట్టాయి. అంకుల్ టుపెలో మొదటి ఆల్బమ్ 'నో డిప్రెషన్' పేరుతో 1995లో ఇలాంటి సంగీతం కోసమే ఒక పత్రిక మొదలైంది. అప్పటికి అంకుల్ టుపెలో బ్యాండే లేదు.

రివ్యూ ఎవరైనా రాస్తే ఒకసారి చదువు, మీ వాళ్ళకీ చదివి వినిపించు. దాన్ని చూసి తర్వాతి పాట మార్చకు.

మీ అమ్మ కంగారు పడుతోంది, నేను మాట్లాడతాను. ఆదివారం సాయంత్రానికి రెండు మైకులు, స్టాండ్లు తీసుకుని వస్తాను. మీరు రికార్డ్ చేసే గదికి వంటగది ఆనుకునే ఉందన్నావు కదా, టేక్ తీసేటప్పుడు ఫ్రిజ్ ప్లగ్ తీసెయ్యాలి. పాలు, పెరుగు ముందే పక్కింట్లో పెట్టించు. కిర్రుమనే కుర్చీ ఏదో ఇప్పుడే కూర్చుని చూసుకో.

మీ మామయ్య