కంట్లో రింగులు వేయిస్తే కెరటోకోనస్ తగ్గిపోతుందా?

మీ తమ్ముడికి కెరటోకోనస్ అన్నారు, అంటే కంటి ముందుండే పారదర్శక పొర, కార్నియా, పలచబడి ముందుకు పొడుచుకొచ్చే జబ్బు. కార్నియా లోపల పెట్టే ఇంటాక్స్ అనే ప్లాస్టిక్ రింగులు వేయిస్తే అద్దాలు పోతాయా అని అడిగారు. నా కుడి కంట్లో ఆ రింగులున్నాయి కాబట్టి చెబుతున్నాను. అద్దాలు పోవు. జబ్బు ముదరకుండా ఆపడం కూడా రింగుల పని కాదు. పలచబడి ముందుకు పొడుచుకొచ్చిన కార్నియాను అవి కొంత చదును చేస్తాయి. దానికే నేను రుణపడి ఉన్నాను.

అసలు ఇంటాక్స్‌ను మొదట తయారుచేసింది మామూలు మైనస్ పవర్ కోసం. అమెరికాలో 1999లో అనుమతి వచ్చింది దానికే, కెరటోకోనస్‌కు వచ్చింది 2004లో. అద్దాలు పోతాయన్న ఆశ అక్కడి నుంచే పుట్టిందని నా నమ్మకం.

ముందు తేల్చుకోవాల్సింది జబ్బు పెరుగుతోందా లేదా అన్నది. కార్నియా వంపును పటంలా చూపించే పరీక్షను టోపోగ్రఫీ అంటారు. పాతదీ, కొత్తదీ పక్కపక్కన పెట్టి చూస్తే తెలిసిపోతుంది. పెరుగుతుంటే సి3ఆర్ చేయించండి. రైబోఫ్లేవిన్ చుక్కలు వేసి, అతినీలలోహిత కాంతి పెట్టి కార్నియాను గట్టిపరుస్తారు. నాకు ముందు అదే చేశారు, రింగులు ఆ తర్వాత.

రింగుల ఆపరేషన్‌కు మత్తు ఇవ్వరు, కంటికి తిమ్మిరెక్కించే చుక్కలే. రెప్పలు మూతపడకుండా క్లిప్ పెట్టారు. లేజర్ యంత్రం కంటి మీద ఆని నొక్కగానే చూపు మసకబారి, కాసేపు పూర్తిగా చీకటైపోయింది. ఆ చీకట్లో నాకు పుట్టిన భయం ఇంతా అంతా కాదు. మళ్లీ వెలుతురొచ్చాక డాక్టరుగారు అర్ధచంద్రాకారపు సన్నటి ప్లాస్టిక్ ముక్కను కార్నియా లోపల లేజర్ చేసిన సొరంగంలోకి తోస్తుంటే నొప్పి లేదు, ఏదో జరుగుతున్నట్టు ఒత్తిడి మాత్రం తెలిసింది. ఆ రాత్రంతా కంట్లో ఇసుక పడ్డట్టే ఉంది, నీళ్లు ఆగలేదు. కొన్ని వారాలకు మా విశాఖపట్నంలోని మద్దిలపాలెంలో నిలబడితే, వచ్చే బస్సు మీది 400కె అన్న అక్షరాలు నీడలు లేకుండా కనిపించాయి. అంతకుముందు ఒక్కో అంకెకు మూడు నాలుగు నీడలుండేవి. రాత్రిపూట బీచ్ రోడ్డు దీపాల చుట్టూ వలయాలు ఇప్పటికీ ఉన్నాయి.

ఇంకో మాట. నాకు ఆరేడు నెలలకోసారి సిలిండర్ పవర్ (కార్నియా వంపు అన్ని వైపులా ఒకేలా లేనప్పుడు ఇచ్చే పవర్) మారుతుంటే, అద్దాల షాపువాళ్లు కొత్త అద్దాలు అమ్మారే తప్ప కార్నియా డాక్టరుకు చూపించుకోమని ఒక్కరూ చెప్పలేదు. కుర్రవాళ్లకు పవర్ అలా మారుతుంటే టోపోగ్రఫీకి పంపాలి కదా! ఎలర్జీ ఉంటే దురద, దురద ఉంటే నులుముకోవడం. పోర్టు వైపు ఉండేవాళ్ల కిటికీల మీద నల్లటి దుమ్ము చూశారుగా, అది కళ్లలో పడితే ఎవరి చేయి ఊరుకుంటుంది? నన్నడిగితే ఈ జబ్బుకు అసలు శత్రువు నులుముకోవడమే. మీ తమ్ముడికి దురద తగ్గే చుక్కలు ఈరోజే అడిగి వేయించండి, చేయి కంటి దగ్గరకు వెళ్తే ఇంట్లో ఎవరో ఒకరు ఆపండి.

రింగు పెట్టేచోట కార్నియా మందం సాధారణంగా 450 మైక్రాన్లయినా ఉండాలంటారు. అంతకంటే బాగా పలచబడినా, మధ్యలో మచ్చ పడినా రింగుల మాట వదిలేసి స్క్లెరల్ లెన్సు (కంటి తెల్లగుడ్డు మీద ఆనే పెద్ద కాంటాక్ట్ లెన్సు) గురించో, కార్నియా మార్పిడి గురించో అడగండి. కాబట్టి డాక్టరును కలిసినప్పుడు మందం ఎంతో రెండు కళ్లకూ విడివిడిగా రాయించుకోండి.