కరెంటు తీసేయకు, అమ్మాయీ

అమ్మాయీ,

నీ కథ రెండుసార్లు చదివాను. ఆపరేషన్ సీన్ ఎంత బాగా రాశావంటే, ఆ డాక్టరమ్మ కుట్లు వేస్తున్నంతసేపూ నేను ఊపిరి బిగబట్టుకునే ఉన్నాను. కానీ ఆమెకీ ఏదో ఒక కష్టం రావాలి కదా అని చివర్లో కరెంటు తీసేశావు. చెన్నైలో గుండె ఆపరేషన్లు చేసే ఆసుపత్రికి జనరేటర్ ఉండదా? అది చాలదన్నట్టు, ఇరవయ్యేళ్ళ అనుభవమున్న మనిషి చేత హౌస్ సర్జన్ కూడా చేయని పొరపాటు చేయించావు. అక్కడ నీ మీద నాకు నిజంగా కోపం వచ్చింది.

మా ట్రిప్లికేన్ ఇంటి నుంచి చేపాక్ స్టేడియానికి నడిచి వెళ్ళిపోవచ్చు. 1999 జనవరిలో అక్కడే పాకిస్తాన్‌తో టెస్టు, గెలవాలంటే 271 కొట్టాలి, నడుం పట్టేసి నిలబడటమే కష్టమవుతున్నా సచిన్ 136 కొట్టి, ఇంకో 17 పరుగులుంటే చాలనగా ఔటయ్యాడు, మిగిలిన మూడు వికెట్లూ నాలుగు పరుగులకే పడిపోయాయి. 12 పరుగుల తేడాతో ఓడిపోయాం. ఆయన ఆట ఏమీ తగ్గలేదు, నడుం మాట వినలేదు, అంతే. అలాంటి చోటు వెతుకు. మా వీధిలో బంగారం పని చేసే తెలుగాయన చత్వారం వచ్చిన సంగతి చాలాకాలం ఇంట్లో కూడా చెప్పలేదు. చెయ్యి ఎప్పటిలాగే ఉంది, సన్నపని వస్తే మాత్రం రేపు రమ్మనేవాడు. ఆ ‘రేపు’ మీద ఒక నవల రాయొచ్చు!

నీ డాక్టరమ్మకి మంచి పేరుంది కదా, ఆ పేరు వల్లే ఏమవుతుందో ఆలోచించావా? మిగతావాళ్ళు మా వల్ల కాదన్న కేసులన్నీ ఆమె దగ్గరికే వస్తాయి, అంటే చావులూ ఆమె లెక్కలోనే ఎక్కువ పడతాయి. నాకైతే కథ అక్కడుంది.

నెల్లూరు నుంచి తెల్లవారుజామున రైలెక్కి వచ్చిన ఒక తల్లి, కొడుకు ఆపరేషన్‌కి సంతకం పెట్టనంటుందనుకో. పోయినసారి పెడితే భర్త తిరిగి రాలేదు. గుండె బొమ్మ గీసి ఎంత చెప్పినా ఆవిడకి ఎక్కదు, టైమ్ అయిపోతోంది, డాక్టరమ్మకి బతిమాలడం ఎప్పుడూ అలవాటు లేదు.

ఆ సీన్ వరండాలోనే రాయి, ఒక్కసారి కూడా థియేటర్‌లోకి తీసుకెళ్ళకు. ఆదివారం ఇంటికొచ్చి చదివి వినిపించు, ఆవిడ సంతకం పెట్టిందో లేదో నాకు తెలియాలి.

ప్రేమతో,
అక్క