గ్యారేజీ తలుపు సగం దిగి వెనక్కి వెళ్తుంటే

గోడ మీటను నొక్కి పట్టుకుంటే తలుపు పూర్తిగా మూసుకుంటోందని, రిమోట్‌తో అయితే సగం దిగి పైకి పోతోందని, మోటారు మీది దీపం పదిసార్లు మిణుకుమంటోందని మీరు రాశారు. అయితే మోటారు జోలికి పోకండి. అడుగున ఇరువైపులా ఉండి, దారిలో ఏదైనా అడ్డుంటే తలుపును వెనక్కి పంపే సెన్సార్లు ఒకదాన్నొకటి చూడటం లేదు, అంతే. అమెరికాలో ఇళ్ల గ్యారేజీలకు 1993 నుంచి తయారైన ఓపెనర్లకు, అంటే తలుపును నడిపే మోటారు యంత్రాలకు, ఇలాంటి రక్షణ తప్పనిసరి. సెన్సార్లు నేలకు ఆరు అంగుళాల లోపే ఉంటాయి కనుక చెత్తడబ్బా తగిలినా పక్కకు తిరిగిపోతాయి.

ముందు మెత్తటి గుడ్డతో రెండు సెన్సార్ల కళ్లూ తుడవండి. మా ఇంట్లో దోషి ఒక సాలెగూడు. దానికోసం నేను మెకానిక్కును కూడా పిలిచాను! తుడిచినా కుదరకపోతే సెన్సార్ మర కాస్త వదులు చేసి, దాని మీది చిన్న దీపం మిణుకు మాని నిలకడగా వెలిగేదాకా సెన్సార్‌ను మెల్లగా తిప్పి, బిగించండి. అప్పటికీ వెలగకపోతే తీగ ఎక్కడో తెగి ఉంటుంది.

రిమోట్ దగ్గరికి వస్తే తప్ప పనిచేయడం లేదన్నది వేరే సంగతి. ఈమధ్య మోటారు దీపానికి ఎల్‌ఈడీ బల్బు పెట్టారా? కొన్ని చవక బల్బులు రేడియో సంకేతానికి అడ్డుపడతాయి. బల్బు తీసేసి ఒకసారి నొక్కి చూడండి.

తలుపు పైనున్న స్ప్రింగును మాత్రం ముట్టుకోవద్దు.