పడమటి గాలి ఎక్కడ బయలుదేరుతుంది? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మాది కళ్యాణదుర్గం దగ్గర ఒక పల్లె. ఆషాఢం వచ్చిందంటే రేయింబవళ్ళు పడమటి గాలి హోరుమని వీస్తుంది. మబ్బులు నెత్తి మీదుగా తూర్పుకు పరుగెత్తుతాయి గానీ చినుకు రాలదు. ఇదే గాలి మంగళూరులో కుండపోతగా కురిపిస్తుందంటారు. అక్కడ కురిసిన గాలి ఇక్కడ ఎందుకు కురవదు? అసలు ఇది ఎక్కడి నుంచి వస్తుంది? (అనంతపురం జిల్లా రైతు)

జవాబు: మీ చేను మీదుగా పోయే ఆ గాలి భూమధ్యరేఖకు అవతల, మడగాస్కర్‌కు ఆగ్నేయంగా ఉన్న సముద్రం మీద బయలుదేరి, ఐదు వేల కిలోమీటర్లకు పైగా ప్రయాణించి మీ ఊరు చేరుతుంది. దాని దారి తెలిస్తే మీ రెండు ప్రశ్నలకూ ఒకే జవాబు దొరుకుతుంది.

భూమధ్యరేఖ దగ్గర ఎండ నిలువుగా పడుతుంది కాబట్టి అక్కడి గాలి వేడెక్కి పైకి లేస్తుంది. లేచిన గాలి ఎత్తున రెండు ధ్రువాల వైపూ సాగి, ఇంచుమించు 30 డిగ్రీల అక్షాంశం వద్ద కిందికి దిగి, నేల బారున మళ్ళీ భూమధ్యరేఖ వైపు వస్తుంది. కిందికి దిగే గాలిలో మబ్బు కట్టదు. సహారా, కలహారి, ఆస్ట్రేలియా ఎడారులు ఆ అక్షాంశాల చుట్టూనే ఉండటానికి ముఖ్య కారణం ఇదే. మడగాస్కర్‌కు ఆగ్నేయంగా ఉన్న అధిక పీడన ప్రాంతం కూడా అలా గాలి దిగే చోటే. అక్కడ దిగిన గాలి ఉత్తరంగా బయలుదేరుతుంది.

అయితే అది తిన్నగా ఉత్తరానికి రాదు. భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతుంది. భూమధ్యరేఖ మీది నేల గంటకు సుమారు 1,670 కిలోమీటర్ల వేగంతో తిరుగుతుంటే, 30 డిగ్రీల వద్ద ఆ వేగం దాదాపు 1,450 కిలోమీటర్లే. తక్కువ వేగమున్న చోట బయలుదేరిన గాలి ఎక్కువ వేగమున్న చోటికి వచ్చేసరికి నేల కంటే వెనకబడి పడమరకు ఒరుగుతుంది. ఆగ్నేయ వ్యాపార పవనాలు ఇవే. ఈ ఆలోచనను 1735లో మొదట స్పష్టంగా రాసినవాడు జార్జ్ హాడ్లీ అనే లండన్ న్యాయవాది. తిరిగే భూమి మీద కదిలేవి పక్కకు ఒరగడాన్ని లెక్కగట్టే కోరియాలిస్ గణితం ఆ తర్వాత వందేళ్ళకు, 1835లో వచ్చింది. వృత్తి వేరైనా గాలుల నడక గురించి ఇంత దూరం ఆలోచించిన హాడ్లీ అంటే నాకు ప్రత్యేకమైన గౌరవం.

ఏడాదిలో ఎక్కువ కాలం ఈ గాలులు భూమధ్యరేఖ దగ్గరే ఆగిపోయి పైకి లేస్తాయి. జూన్ నాటికి మాత్రం ఉత్తర భారతం కాగిన పెనంలా ఉంటుంది కాబట్టి గాలి పైకి లేచే అల్పపీడన పట్టీ అక్కడికి జరుగుతుంది, గాలి దాన్ని వెతుక్కుంటూ భూమధ్యరేఖను దాటి వస్తుంది. దాటాక కథ తారుమారవుతుంది. ఇప్పుడు అది వేగమున్న చోటి నుంచి తక్కువ వేగమున్న చోటికి పోతోంది కాబట్టి నేలను మించి తూర్పుకు ఒరిగి, ఆగ్నేయపు గాలి కాస్తా నైరుతి గాలి అవుతుంది. తూర్పు ఆఫ్రికా ఎత్తైన భూములు అడ్డుగోడలా నిలవడం వల్ల సోమాలియా తీరం వెంట ఆ ప్రవాహం ఇరుకై, నేలకు కిలోమీటరు, కిలోమీటరున్నర ఎత్తులో మహావేగం అందుకుంటుంది. ఆ వేగంతోనే అరేబియా సముద్రం నీటిని ఆవిరిగా మోసుకుని పడమటి కనుమలను ఢీకొంటుంది.

కొండ ఎక్కక తప్పని గాలి చల్లబడుతుంది, తేమ వానగా మారుతుంది. మంగళూరులో ఏటా 3,500 మిల్లీమీటర్లకు పైగా, కనుమల మీది ఆగుంబెలో 7,000 మిల్లీమీటర్లకు పైగా కురిసేది అందుకే. కనుమలు దాటాక గాలి తూర్పు వాలు దిగుతుంది. దిగే గాలి ప్రతి కిలోమీటరుకూ సుమారు 10 డిగ్రీల చొప్పున వేడెక్కుతుంది, వేడెక్కిన గాలిలో మిగిలిన తేమ వానగా మారే అవకాశం తగ్గుతుంది. మీరు చూసే మబ్బులు ఆ మిగులు తేమతో కట్టిన పలచని మబ్బులు. వాన పడాలంటే మబ్బు పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తుకు పెరగనక్కరలేదు గానీ కొంతైనా ఎదగాలి. పైనుంచి దిగే గాలి వాటిని ఎదగనివ్వదు. మీ జిల్లాకు ఏడాది మొత్తం మీద 550 మిల్లీమీటర్లు దాటడం కష్టం కావడానికీ, రామగిరి కొండల మీది గాలిమరలు ఆ నెలల్లోనే బాగా తిరగడానికీ కారణం ఒకటే. సెప్టెంబరులో పడమటి గాలి సద్దుమణిగాక, ఉరుములతో సాయంత్రపు మబ్బు కట్టాక, బంగాళాఖాతం అల్పపీడనాలు తోడయ్యాక మీకు అసలు వానలు వస్తాయి. జూన్ మొదటి చినుకులకే శనగకాయ విత్తి, ఆ తర్వాత ఆషాఢమంతా మొక్క వాడిపోతుంటే చూస్తూ నిలబడే బాధ ఈ గాలి పెట్టేదే.

ప్రశ్న: శ్రావణంలో డాబా మీద పడుకుని చూస్తే కింది మబ్బులు తూర్పుకు, వాటి సందుల్లో కనిపించే దూదిపింజల్లాంటి పై మబ్బులు పడమరకు పోతున్నాయి. ఇది నా భ్రమా? (ఉపాధ్యాయిని, ఖమ్మం)

జవాబు: భ్రమ కాదు, మీరు చూసింది అక్షరాలా నిజం. వానాకాలంలో మన నెత్తి మీద రెండు గాలులు ఎదురెదురుగా నడుస్తాయి. వేసవిలో టిబెట్ పీఠభూమి, సగటున నాలుగున్నర కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఆ నేల, పై వాతావరణాన్నే నేరుగా వేడి చేస్తుంది. రుతుపవనాల మబ్బుల్లో లేచిన గాలి ఎత్తున దక్షిణానికి మళ్ళుతుంది. అంటే తక్కువ వేగమున్న చోటి నుంచి ఎక్కువ వేగమున్న చోటికి పోతుంది కాబట్టి, పై జవాబులో చెప్పినట్టే, వెనకబడి పడమరకు ఒరుగుతుంది. నేలకు పద్నాలుగు కిలోమీటర్లు, ఆపైన దక్షిణ భారతం మీదుగా పోయే ఈ తూర్పు జెట్ ప్రవాహాన్ని, అంటే తూర్పు నుంచి ఇరుకు పట్టీలా మహావేగంతో వీచే గాలిని, 1958లో ప్రపంచానికి వివరించింది మన వాతావరణ శాస్త్రవేత్త పి. కోటేశ్వరం. ఆ తర్వాత ఆయన భారత వాతావరణ శాఖకు అధిపతిగా కూడా పనిచేశారు. మీ పిల్లలను ఒక వానాకాలపు మధ్యాహ్నం బడి ఆవరణలో నిలబెట్టి ఈ రెండు వరుసలనూ చూపించండి. కరెంటు స్తంభం కొనను గుర్తుగా పెట్టుకుంటే ఏ మబ్బు ఎటు పోతోందో నిమిషంలో తేలిపోతుంది.

ప్రశ్న: లండన్ నుంచి న్యూయార్క్ పోవడానికి దాదాపు ఎనిమిది గంటలు పడితే తిరుగు ప్రయాణం ఏడు గంటల్లోపే అయింది. ఎందుకు? (విజయవాడ)

జవాబు: అక్కడ విమానాలు ఎగిరే ఎత్తులో గాలి పడమర నుంచి తూర్పుకు ఉరుకుతుంది. దక్షిణం నుంచి ధ్రువం వైపు సాగే గాలి నేలను మించి తూర్పుకు పోవడం వల్ల, వెచ్చని గాలీ చల్లని గాలీ తాకే సరిహద్దు మీద ఆ ప్రవాహం బిగుసుకోవడం వల్ల జెట్ స్ట్రీమ్ ఏర్పడుతుంది. 2020 ఫిబ్రవరిలో తుపాను రోజున ఒక విమానం ఈ గాలి వాటంతో న్యూయార్క్ నుంచి లండన్‌కు ఐదు గంటలలోపే చేరింది.

ప్రశ్న: ఎల్‌నినో వచ్చిందని వార్త వింటే మా ఊళ్ళో అప్పు పుట్టడం కూడా కష్టమవుతోంది. ఎల్‌నినో అంటే కరువు ఖాయమేనా? (రైతు, మహబూబ్‌నగర్)

జవాబు: ఖాయం కాదు. మామూలు ఏళ్ళలో పసిఫిక్ మహాసముద్రం మీద వ్యాపార పవనాలు వెచ్చని నీటిని ఇండోనేషియా వైపు నెడతాయి, గాలి అక్కడ పైకి లేచి పెరూ వైపు దిగుతుంది. ఎల్‌నినో నాడు ఆ గాలులు మందగించి, వెచ్చని నీరు తూర్పుకు జరిగి, గాలి లేచే చోటు కూడా జరుగుతుంది. అప్పుడు మన వైపు గాలి దిగడం ఎక్కువవుతుంది, వాన తగ్గే అవకాశం పెరుగుతుంది. ఇక్కడ అవకాశం అన్న మాటను గట్టిగా పట్టుకోండి. 2002, 2009 ఎల్‌నినో ఏళ్ళలో దేశమంతటా వానలు బాగా దెబ్బతిన్నాయి. కానీ 1997లో, ఆ శతాబ్దంలోనే అత్యంత బలమైన ఎల్‌నినోల్లో ఒకటి వచ్చినా, దేశంలో వానలు మామూలుగానే పడ్డాయి. ఆ ఏడు హిందూ మహాసముద్రం పడమటి భాగం వెచ్చబడి మనకు అండగా నిలిచింది. కరువు ఏడాదైన 2009లోనే అక్టోబరు తొలి రోజుల్లో కర్నూలు నగరం వరదలో మునిగింది.

కాబట్టి ఎల్‌నినో అన్న ఒక్క మాట విని అప్పు ఆపడం అన్యాయం. వాతావరణ శాఖ మీ జిల్లాకు వారం వారం ఇచ్చే సూచనను చూసి విత్తే రోజు నిర్ణయించుకోండి. తొలి వానకే తొందరపడకుండా, నేల తగినంత తడిశాకే విత్తండి. నెల్లూరు వైపు మీ బంధువులెవరైనా ఉంటే వాళ్ళకు ఈ సంగతి కూడా చెప్పండి: ఎల్‌నినో ఏళ్ళలో అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వానలు వాళ్ళ తీరంలో తరచుగా మామూలు కంటే ఎక్కువే పడతాయి.